అచ్చెక్కిన సిపాయి

జెండా పండుగ వారం రోజులుందనగా ఇబ్రహీంపట్నం బస్టాండు వైపు స్టేషనరీ దుకాణాల ముందు తాళ్లకు చార్టులు వేలాడతాయి. కూరగాయల చార్టు, పక్షుల చార్టు, దేశనాయకుల చార్టు, వాటి మధ్య సిపాయి చార్టు. ఆకుపచ్చ మచ్చల యూనిఫాం, కోరమీసం, చేతిలో తుపాకి, వెనక మంచుకొండ, కొండకొన మీద జెండా. బడిపిల్లలు దాన్ని కొనుక్కుపోయి, కింద కార్బన్ పేపరు పెట్టి గీతలు దించి, రంగులేసి తరగతి గోడకు అంటిస్తారు. రోజూ ఆ దారిన బస్సెక్కే మనిషికి ఆ బొమ్మలో ఏదో ఒకటి గుచ్చుకుంటూనే ఉంటుంది. బూట్లకు మట్టి లేదు. ఎదుట శత్రువు లేడు. చార్టులో ముగ్గురు సిపాయిలుంటే ముగ్గురిదీ ఒకటే మొహం. ఆ మొహం ఏ ఊరి కొడుకుది? యుద్ధం చేసే మనిషి బొమ్మలోకి రాగానే ఇంత శుభ్రంగా, ఇట్లా ఎవరికీ ఏమీ కానివాడిగా ఎందుకు మారిపోతాడు? చార్టు వేసినవాడి బద్ధకం అని కొట్టిపారేయొచ్చు. అయితే ఆ బద్ధకం వయసు అయిదు వందల ఏళ్లు, దాని కాన్పు ఇక్కడ జరగలేదు.

అసలు ఆ చార్టులు వేలాడే ఊరి పేరులోనే ఒక యుద్ధం ఉంది. బస్సు బోర్డు మీద రోజుకు ఎన్నిసార్లు చదివినా తట్టదు గాని, ఆ ఇబ్రహీం గోలకొండను 1550 నుంచి 1580 దాకా ఏలిన ఇబ్రహీం కుతుబ్‌షా. ఊరి పెద్ద చెరువు ఆయన కాలం నాటిదే. తెలుగు కవులు ఆయన్ని మల్కిభరాముడని ముద్దుగా పిలుచుకున్నారు. అద్దంకి గంగాధరకవి తపతీ సంవరణోపాఖ్యానాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. ఈ ముద్దు వెనక ఒక చేదు కథ ఉంది. 1543లో తండ్రి హత్యకు గురై, అన్న జంషీద్ గద్దెనెక్కినప్పుడు ఇబ్రహీం ప్రాణాలు చేతబట్టుకుని విజయనగరానికి పారిపోయాడు. అక్కడ రామరాయల నీడన ఏడేళ్లు బతికాడు. తెలుగు రుచి అక్కడే మరిగి ఉంటాడు. ఆ తర్వాత 1565 జనవరిలో బీజాపూర్, అహ్మద్‌నగర్, బీదరు సైన్యాలతో చేతులు కలిపి, ఉప్పు తిన్న ఆ ఇంటి మీదికే నడిచాడు. అదే రక్కసి తంగడి యుద్ధం. ముసలి రామరాయల తల ఆ రోజే తెగింది.

రాజుల సంగతి పుస్తకాల్లో దొరుకుతుంది. ఇబ్రహీం వెంట నడిచినవాళ్ల సంగతో? గోలకొండ కోటలను కాసిన నాయక్వాడీలు తెలుగువాళ్లే. ఇబ్రహీంను గద్దెనెక్కించడంలో వాళ్ల దళపతి జగదేవరావు చెయ్యి పెద్దది. ఆ కాల్బలంలోని ఒక మామూలు మనిషి ఎట్లా ఉండేవాడు? కాళ్లకు ఏం తొడిగేవాడు, తలకు ఏం చుట్టేవాడు, యుద్ధానికి ముందురోజు రాత్రి మొహం ఎట్లా పెట్టేవాడు? తంగడి యుద్ధం బొమ్మలు లేకపోలేదు. అహ్మద్‌నగర్ హుసేన్ నిజాంషాను పొగుడుతూ ఆఫ్తాబీ అనే కవి పారశీకంలో రాసిన తారీఫ్-ఎ-హుసేన్ షాహీ ప్రతి ఒకటి పుణెలో భారత ఇతిహాస సంశోధక మండలి దగ్గర ఉంది. యుద్ధం ముగిసిన కొద్ది ఏళ్లకే వేసిన చిత్రాలు అందులో ఉన్నాయి. ఏనుగులున్నాయి, గుర్రాలున్నాయి, రామరాయల తల నరికే ఘట్టమూ ఉంది. సుల్తాను పక్కన కూర్చున్న రాణి బొమ్మను తర్వాత ఎవరో చెరిపేశారు, ఆ మరక కూడా ఉంది. కాని అది సుల్తాను చూసుకోవడానికి వేయించుకున్న పుస్తకం. ఒకే ప్రతి, ఒకే ఇల్లు. చచ్చినవాడి ఇంటిదాకా ఆ బొమ్మ రాలేదు, రావాలని ఎవరూ అనుకోనూ లేదు. పోర్చుగీసులు 1556లోనే గోవాలో అచ్చుయంత్రం దించారు. తంగడికి అది మరీ దూరమేమీ కాదు. ఆ యంత్రానికి ఈ యుద్ధంతో పని పడలేదు. తెలుగు అక్షరం అచ్చెక్కడానికి అప్పటికింకా దాదాపు రెండు శతాబ్దాలు ఉంది.

ఆ రోజుల్లోనే, సముద్రాల అవతల జర్మన్ పట్టణాల్లో, సిపాయి బొమ్మ సంతసరుకు. న్యూరెంబర్గ్‌లో నిక్లాస్ మెల్డెమాన్, హాన్స్ గుల్డెన్‌ముండ్ అనే ప్రచురణకర్తలు చెక్క మీద సిపాయిలను చెక్కించి, కాగితాల మీద అచ్చొత్తించి, ఒక్కొక్క బొమ్మనూ విడిగా అమ్మేవారు. జీతానికి పోరాడే ఆ జర్మన్ కాల్బలాన్ని లాండ్స్‌క్నెఖ్ట్ అనేవారు. జబ్బల మీద చీల్చి, చీలికల్లోంచి లోపలి రంగుగుడ్డను బయటికి లాగిన చేతులు, ఒక కాలుకు ఒక రంగు, ఇంకో కాలుకు ఇంకో రంగు, టోపీ మీద నిప్పుకోడి ఈకలు. ఎర్హార్డ్ షోన్, హాన్స్ సెబాల్డ్ బేహం వంటి వాళ్లు ఈ సిపాయిల బొమ్మలు ఎన్ని గీశారో! జెండా పట్టినవాడు, డప్పు వాయించేవాడు, వంటల బండి వెంట నడిచే ఆడమనిషి, ఒక్కొక్కరూ ఒక్కో కాగితం. నిలబడే తీరు మాత్రం మారదు. నడుం ఒక పక్కకు, చెయ్యి కత్తిపిడి మీద, కాళ్లు ఎడంగా. గుడ్డలు చూసి వాణ్ని గుర్తుపట్టాలి. ఆ గుడ్డలు తీసేస్తే వాడు ఎవరు?

ఇటలీవాళ్లు నిజంగానే గుడ్డలు తీసేసి చూశారు. ఫ్లోరెన్స్‌లో ఆంతోనియో దెల్ పొల్లాయువోలో పదిహేనో శతాబ్దం చివరి భాగంలో రాగిరేకు మీద చెక్కిన పెద్ద బొమ్మలో పదిమంది దిగంబరులు కత్తులతో, గొడ్డళ్లతో, విల్లంబులతో ఒకరినొకరు పొడుచుకుంటుంటారు. వెనక ధాన్యపు కంకులు, ద్రాక్షతీగలు. ఎవరు ఎవరి పక్షమో తేలదు, ఏ యుద్ధమో చెప్పడు. నడిమి ఇద్దరినీ జాగ్రత్తగా చూస్తే గుట్టు బయటపడుతుంది. ఒకే భంగిమను ముందునుంచి ఒకసారి, వెనకనుంచి ఒకసారి గీశాడు. యుద్ధం సాకు, కండరాలే కావలసింది. ఆ కాగితం చేతులు మారి ఎందరో చిత్రకారుల శాలలకు చేరింది, కొత్తవాళ్లు దాన్ని పెట్టుకుని ఒళ్లు గీయడం నేర్చుకున్నారు. ఇంకో విచిత్రం మార్కాంతోనియో రైమొండిది. మైకెలాంజెలో ఫ్లోరెన్స్ సభామందిరం గోడకోసం కాషీనా యుద్ధం బొమ్మకు పెద్ద నమూనా గీశాడు. ఏట్లో స్నానం చేస్తున్న సిపాయిలు శత్రువొచ్చాడన్న కేక విని గబగబా ఒడ్డెక్కే ఘట్టం అది. గోడమీదికి అది ఎక్కనే లేదు, నమూనా కూడా తర్వాత చిరిగి పోయింది. అందులోంచి ముగ్గురిని తీసుకుని రైమొండి 1510లో రాగిమీద చెక్కాడు. ఆ ముగ్గురి వెనక ఉన్న చెట్లూ ఇళ్లూ ఇటలీవి కావు. డచ్చి చిత్రకారుడు లూకాస్ వాన్ లేడన్ 1508లో వేసిన ఇంకేదో కథ అచ్చులోంచి ఎత్తి తెచ్చి అతికించాడు! ఫ్లోరెన్స్ సిపాయి డచ్చి పొలంలో బట్టలు వెతుక్కుంటున్నాడు. చార్టులోని మంచుకొండ ఎక్కడిదని ఇంకెవరిని అడగాలి?

ఇక్కడ ఒక అనుమానం రావాలి. ఎత్తిపెట్టుకోవడం తప్పేనా? మన నకాషీ చిత్రకారుడూ, మన స్థపతీ తాతలిచ్చిన కొలతతోనే కదా వీరుణ్ని గీసిందీ, మలిచిందీ. నకలు వల్ల అబద్ధం పుడుతుందనడం అన్యాయం. అయితే అచ్చులో ఒకటి అదనంగా జరుగుతుంది. బొమ్మ తన ఊరు దాటుతుంది. కథ తెలిసినవాడు పక్కన ఉండి చెప్పకుండానే, ఒట్టి బొమ్మ ఒంటరిగా కొత్త ఊళ్లో దిగుతుంది. అక్కడ దాన్ని ఎవరు ఏమనుకుంటే అదే అవుతుంది.

మనవాళ్లకు అట్లాంటి గతి పట్టిన సంగతి ఒకటుంది. 1505లో లిస్బన్ నుంచి బయలుదేరిన పోర్చుగీసు ఓడల దండులో వెల్సర్ వర్తకుల తరపున బల్తసార్ స్ప్రెంగర్ అనే జర్మన్ మలబారు తీరానికి వచ్చాడు. ఆయన తిరిగి వెళ్లి చెప్పిన వివరాలతో ఆగ్స్‌బర్గ్ చిత్రకారుడు హాన్స్ బుర్క్‌మయిర్ 1508లో వరస చెక్క అచ్చులు వేశాడు. ఆఫ్రికావాళ్లు, అరేబియావాళ్లు, చివర కొచ్చి రాజు పల్లకీ, చుట్టూ ఆయుధాలతో భటులు. చూడని దేశం బొమ్మల్లో అదెంతో నయం, మనుషులు మనుషుల్లాగే ఉన్నారు. కాని అదే బుర్క్‌మయిర్, చక్రవర్తి మాక్సిమిలియన్ కీర్తికోసం వేసిన విజయయాత్ర అచ్చుల్లో, కాలికట్ జనాన్ని మళ్లీ గీయాల్సి వచ్చినప్పుడు ఒళ్లు మరిచాడు. అక్కడ ఏనుగు మనదే. వెంట నడిచేవాళ్లలో కొందరి నడుములకూ తలలకూ ఈకలు, చేతుల్లో మొక్కజొన్న కంకులు. అమెరికావాళ్లనూ మలబారువాళ్లనూ ఒకే గుంపులో కలిపేశాడు. ఆ చెక్కలన్నీ వరసగా పేర్చి అచ్చేస్తే యాభై మీటర్లు దాటుతుంది, చక్రవర్తి పోయాక 1526లో అది బయటికొచ్చింది. అప్పటికి కృష్ణదేవరాయలు రాయచూరు గెలిచి ఆరేళ్లు. ఆ ముట్టడిలో క్రిస్టోవావ్ ద ఫిగరేదో వెంట వచ్చిన పోర్చుగీసు తుపాకీవాళ్లు రాయల పక్షాన కాల్చారని పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాశాడు. రాయచూరు కోట కింద నిలబడ్డ సిపాయి చేతిలో తుపాకి, ఆగ్స్‌బర్గ్ కాగితం మీద దక్షిణదేశపు సిపాయి నడుముకు ఈకలు.

ఇదంతా చదివితే ఐరోపావాడికి అచ్చు తెలుసు, మనకు తెలియదు అనే పాత పాట మళ్లీ మొదలవుతుందేమోనని జంకు. సంగతి అంత తేలిక కాదు. రాగి, ఇనుము రేకుల మీద యాసిడ్‌తో గీత కొరికించి అచ్చు తీసే ఎచింగ్ పద్ధతి ఎక్కడ పుట్టిందో చూస్తే అచ్చుకూ సిపాయికీ ఉన్న చుట్టరికం బయటపడుతుంది. అది కవచాలు చేసే దుకాణంలో పుట్టింది. ఉక్కు కవచం మీద మైనం లాంటిది పూసి, సూదితో నగిషీ గీసి, పులుసు పోస్తే గీసినచోట మాత్రమే లోహం తినుకుపోతుంది. ఆగ్స్‌బర్గ్‌లో ఈ పనే చేసే డానియెల్ హోప్ఫర్‌కు 1500 ప్రాంతంలో ఒక ఆలోచన తట్టింది. కవచానికి బదులు ఒక చదును ఇనుప రేకు తీసుకుని, ఆ గాట్లలో సిరా నింపి, కాగితం పెట్టి ఒత్తితే? ఆయన వేసిన బొమ్మల్లోనూ లాండ్స్‌క్నెఖ్ట్‌లే నిలబడ్డారు. సిపాయి ఒంటిమీది అలంకారం సిపాయి బొమ్మగా మారింది.

ఇప్పుడు నిజామాబాద్ జిల్లా కోనసముద్రానికి వద్దాం. మట్టి మూసల్లో కరిగించిన అక్కడి ఉక్కు కోసం పారశీక వర్తకులు వచ్చి కూర్చునేవారు. 1820ల్లో భూగర్భశాస్త్రవేత్త హెన్రీ వాయ్‌సీ ఆ కొలుములను కళ్లారా చూసి రాశాడు. అంతకు ముందే పదిహేడో శతాబ్దంలో ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే, డమాస్కస్ కత్తికి గోలకొండ ఉక్కే తగినదని చెప్పాడు. ఆ కత్తి మీద నీటి అలల్లాంటి జౌహర్ గీతలు సానపట్టినంత మాత్రాన కనిపించవు. పులుసుతో కడిగితేనే లోహం కడుపులోని గీతలు పైకి తేలతాయి. అంటే ఇనుమునూ పులుసునూ కలిపి గీతను పుట్టించే విద్య ఈ కత్తి వెంట కూడా నడిచింది. చెక్క మీద అచ్చులు చెక్కే చేతులు మచిలీపట్నం వైపు పెడనలో ఈనాటికీ ఉన్నాయి. మరి కావలసిందేమిటి? కొనేవాడు. సిపాయి బొమ్మను చిల్లర పెట్టి కొని ఇంటి గోడకు అంటించుకునే బేరగాడు న్యూరెంబర్గ్‌లో ఉన్నాడు, గోలకొండలో లేడు. విద్యకంటే సంతే ముందు పుట్టాలేమో. హైదరాబాద్‌లో ఎచింగ్ పెద్దవిద్యగా నిలబడడానికి లక్ష్మాగౌడ్ లాంటి వాళ్లు రావాల్సి వచ్చింది. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టి బరోడాలో చదివిన ఆయన రేకుల మీదికి మేకలు, చెట్లు, పల్లె ఆడా మగా ఎక్కారు.

ఫిరంగి దగ్గర రెండు లోకాలూ మరీ దగ్గరికొచ్చాయి. జర్మన్ చిత్రకారుడు డ్యూరర్ 1518లో ఇనుప రేకు మీద ఎచింగ్ వేశాడు. పల్లెదారి పక్కన న్యూరెంబర్గ్ ముద్రతో పెద్ద ఫిరంగి, దాన్ని తేరిపారచూస్తూ తలపాగాలతో తురుష్కులు. సరిగ్గా ముప్ఫై ఒక్క ఏళ్లకు, 1549లో, అహ్మద్‌నగర్‌లో మహమ్మద్ బిన్ హుసేన్ రూమీ పోతపోసిన ఫిరంగి మలిక్-ఎ-మైదాన్. పోసినవాడి పేరులోని రూమీయే చెబుతుంది, తురుష్క దేశపు పనివాడని. ఏనుగును నమిలే సింహం నోరు దాని గొట్టపు మూతి. తంగడిలో అహ్మద్‌నగర్ ఫిరంగుల్లో రాగి నాణేలు కూరి పేల్చారని చరిత్రకారుడు ఫెరిష్తా రాశాడు. ఇప్పుడది బీజాపూర్ బురుజు మీద ఎండకు కాగుతోంది, సెలవు రోజుల్లో దాని పక్కన నిలబడి ఫోటోలు దిగుతారు. ఫిరంగికి పేరుంది, పోసినవాడికి పేరుంది. నాణెం తగిలి పడినవాడికి?

తెలుగునేలలో పడినవాడి బొమ్మ ఒకటుంది. అది కాగితం మీద దొరకదు, ఊరి పొలిమేరలో దొరుకుతుంది. వీరగల్లు. చెరువు కట్ట కింద, గుడి వెనక, పొలం గట్టున మోకాలి లోతు మట్టిలో కూరుకుపోయి ఉంటుంది. కింది అరలో వీరుడు కత్తీ డాలుతోనో విల్లుతోనో నిలబడి ఉంటాడు, పక్కన ఆవులుంటే అది మందను మళ్లించబోయి చచ్చినవాడి రాయి. నడిమి అరలో అప్సరసలు వాణ్ని చెరో రెక్కా పట్టి పైకి తీసుకుపోతారు. పై అరలో శివలింగం ముందు వాడు చేతులు జోడించి ఉంటాడు. రాయలసీమలో కొన్నిటి మీద పేరూ ఊరూ చెక్కి ఉంటాయి, తెలంగాణలో చాలావాటి మీద అక్షరం ముక్క ఉండదు. పల్నాటి కారెంపూడిలో అయితే ఏకంగా వీరులకు గుడే ఉంది, ఏటా కార్తీకంలో తిరునాళ్లు జరుగుతాయి, ఆయుధాలకు పూజలు చేస్తారు. చాలా ఊళ్లలో ఆ రాయి ఎవరిదో మరిచిపోయి, ఏదో దేవుడనుకుని పసుపు కుంకుమ పెడుతున్నారు. పోనీలే, పెడుతున్నారు.

రాయిని ఆకాశానికెత్తి కాగితాన్ని తిట్టడం కూడా ఒక సుఖమే. నిజం చెప్పాలంటే వీరగల్లు చెక్కినవాడూ మూసలోనే చెక్కాడు. వీరగల్లులు వరసగా చూస్తే వీరుల మొహాలు చార్టు సిపాయిల్లాగే కలిసిపోతాయి, భయం ఏ రాతిమీదా లేదు. గాయం కూడా అరుదు. తేడా ఒక్కచోటే కనిపిస్తుంది. వీరగల్లు చావుతో మొదలవుతుంది. మనిషి చస్తేనే రాయి లేస్తుంది, చచ్చినచోటే లేస్తుంది. అచ్చు సిపాయి బతికి ఉండాలి, ఈకలతో సహా. లేకపోతే అమ్ముడుపోడు. వెనిస్ చిత్రకారుడు టిషియన్ పన్నెండు చెక్కల మీద బైబిల్ కథలోని ఫరో సైన్యం సముద్రంలో మునగడాన్ని గీసినప్పుడు, రెండు మీటర్లు దాటిన ఆ కాగితంలో వందలమంది సిపాయిలు చస్తున్నారు నిజమే. కాని వాళ్లు పాపాత్ముడి సిపాయిలు. చచ్చే సిపాయి మనవాడు కాకపోతే బేరానికి అడ్డు రాడన్నమాట. 1549లో దొమెనికో దల్లె గ్రేకె ఆ చెక్కలను వెనిస్‌లో మళ్లీ అచ్చేశాడు కూడా.

అయితే యుద్ధం తెలిసినవాడే చిత్రకారుడైతే? అట్లాంటివాడు ఒకడున్నాడు. స్విట్జర్లాండ్ సోలొటుర్న్‌లో పుట్టి బాసెల్‌లో కంసాలి పని చేసిన ఉర్స్ గ్రాఫ్. బంగారం పని మానేసి మధ్యమధ్య జీతపు సిపాయిగా ఇటలీ యుద్ధాలకు పోయేవాడు, తిరిగొచ్చి మళ్లీ ఉలి పట్టేవాడు. ఆయన 1521లో సిరాతో ఒక యుద్ధభూమి గీశాడు. ముందు గుట్టలుగా శవాలు, చెట్టుకు ఉరివేసిన ఒళ్లు, వెనక ఇంకా ఆగని పోరు, కాలుతున్న ఊరు. ఈ అన్నిటి నడుమ ఒక సిపాయి నిలబడి, తల వెనక్కి వాల్చి, బుర్రలోంచి గటగటా తాగుతున్నాడు. మొహం కనపడదు, గొంతు కనిపిస్తుంది. వీరుడూ కాదు, పిరికివాడూ కాదు, దాహమేసినవాడు. ఆ కాలపు అచ్చులన్నీ తిరగేసినా ఇంత నమ్మదగిన సిపాయి దొరకడం కష్టం. చిక్కేమిటంటే అది అచ్చు కాదు. ఆ ఒక్క కాగితం మీదే ఉండిపోయింది, ఇప్పుడు బాసెల్ మ్యూజియంలో ఉంది. చెక్కమీదికి దాన్ని ఆయన ఎక్కించలేదు. అదే 1521లో అదే చెయ్యి చెక్క మీద స్విస్ ప్రాంతాల జెండాధారులను వరసగా చెక్కింది. నల్లని నేల మీద తెల్లని గీతలు, ఎగిరే జెండాలు, విరిచిన నడుములు. అవి అచ్చయ్యాయి, ఊళ్లు తిరిగాయి. చూసింది ఒకటి, అమ్మింది ఇంకొకటి. తిట్టాలనిపించదు. కంసాలికి కడుపుంటుంది కదా.

మూడేళ్ల తర్వాత, 1524లో, గ్రాఫ్ ఆ రెంటినీ కలపబోయినట్టు ఒక చెక్క అచ్చు వేశాడు. చెట్టు కింద ఇద్దరు జీతపు సిపాయిలు, ఒకడు స్విస్, ఒకడు జర్మన్, అంటే ఒకరినొకరు చంపుకోవలసిన జట్టు. పక్కన ఒళ్లో చిన్న కుక్కతో ఒక ఆడమనిషి కూర్చుంది. కొమ్మ మీద ఎముకలగూడుగా మృత్యువు ఇసుక గడియారం పట్టుకుని నవ్వుతోంది. కింది ఇద్దరికీ ఆ సంగతి పట్టలేదు. బేరగాడు కొనేలా మృత్యువును చెట్టెక్కించాడు గాని, సిపాయిల టోపీల మీది ఈకలకు గ్రాఫ్ ఏ లోటూ చేయలేదు.